దొరికేదాకా

మరణం సంభవించిన ఇంట్లో ఏం చేయాలో మన సంఘాలకు బాగా తెలుసు. కబురు అందగానే పాస్టరుగారు బయల్దేరతారు. పాటల పుస్తకాలు పట్టుకుని సంఘస్థులు వస్తారు. వాక్యం చెబుతారు, సమాధి దగ్గర పిడికెడు మట్టి వేస్తారు, ఆ తర్వాత ఆదరణ కూడిక పెడతారు. కానీ వేటకు వెళ్లిన మనిషి రావలసిన రోజుకు ఒడ్డుకు రాలేదు. మర్నాడూ రాలేదు, వారం దాటినా రాలేదు. భౌతికకాయం లేదు, సమాధి లేదు, చనిపోయాడని చెప్పినవారూ లేరు. అలాంటి ఇంటికి వెళ్లి ఏం చెప్పాలి? చాలామంది విశ్వాసుల నోటికి వెంటనే వచ్చే మాట ఒకటుంది: 'అంతా దేవుని చిత్తం, ఓర్చుకో అమ్మా.' దేవుని చిత్తాన్ని నేను కాదనడం లేదు. అయితే పడవలు ఇంకా వెతుకుతుండగానే ఆ మాట అనేయడం విశ్వాసం కాదనీ, అది మన అలసటకు వేసుకున్న మంచి ముసుగనీ అనుకుంటాను. ఎందుకలా అనుకుంటున్నానో చెప్పాలంటే ముందు 2017 నాటి ఒక తీరానికి వెళ్లాలి.

ఆ ఏడాది నవంబరు 29న శ్రీలంకకు దగ్గర్లో ఒక వాయుగుండం ఏర్పడింది. ఒక్క రోజులోనే, అంటే 30వ తేదీ గురువారం నాటికి అది 'ఓఖి' తుపానుగా మారి కన్యాకుమారి సముద్రం మీదికి వచ్చిపడింది. సాధారణంగా తుపాను రెండు మూడు రోజుల ముందే జాడ చెబుతుంది. ఇది ఆ సమయం ఇవ్వలేదు. తుపాను అన్న మాట ఒడ్డున వినబడేసరికే తిరువనంతపురం దగ్గరి పూంతుర, విళింజం పల్లెల చిన్న పడవలు ముందు రోజు సాయంత్రమే వేటకు వెళ్లిపోయాయి. పక్కనున్న కన్యాకుమారి జిల్లా తూత్తూరు, వల్లవిళై, చిన్నతురై ఊళ్లవారి సంగతి మరీ కష్టం. వారు లోసముద్రపు వేటగాళ్లు. ఒకసారి వెళితే వారాల తరబడి తిరిగిరారు. సెల్‌ఫోను సంకేతం ఒడ్డు నుంచి కొద్ది మైళ్లకే ఆగిపోతుంది. ఆ అవతల ఉన్నవాడికి కబురు చెప్పే దారే ఆ రోజుల్లో లేదు.

చిన్న పడవ తిరగబడితే ఏమవుతుందో మన తీరం వారికి చెప్పనక్కర్లేదు. ప్లైవుడ్డు, ఫైబరు పడవలు బోర్లాపడినా చాలాసార్లు పూర్తిగా మునిగిపోవు. వాటి అంచులు పట్టుకుని, తాళ్లతో తమను కట్టుకుని, ఉప్పునీటిలో రాత్రులు గడిపి బతికి వచ్చినవారున్నారు. చెయ్యి పట్టు తప్పి కళ్లెదుటే కొట్టుకుపోయిన తోటివారి గురించి వారే చెప్పారు. ఒడ్డున ఉన్నవారి ఆత్రుత అందుకే. 'మనవాడు ఇంకా ఎక్కడో పడవ పట్టుకుని ఉన్నాడు, ఈ గంటలో వెళితే దొరుకుతాడు' అన్న లెక్క వారిది. అది పిచ్చి ఆశ కాదు. సముద్రం తెలిసినవారి లెక్క అది.

కోస్ట్‌గార్డు, నౌకాదళం, వాయుసేన ఓడలతో, విమానాలతో గాలించాయి. ఎంతోమందిని ప్రాణాలతో తెచ్చాయి, ఆ సేవను తక్కువ చేయకూడదు. అయినా ఆ పల్లెల జనానికి అది చాలలేదు. ఇంకా లోపలికి వెళ్లాలి, మావాళ్లు వేటాడే చోటు మాకు తెలుసు, మమ్మల్ని ఓడల్లో ఎక్కించుకోండి అని అడిగారు. తుపాను అలలు పూర్తిగా తగ్గకముందే సొంత పడవలు తీసుకుని బయల్దేరారు. కొందరిని బతికుండగా తెచ్చారు, కొందరి భౌతికకాయాలను తెచ్చారు. తర్వాత అధికారులు కూడా జాలరులను తమ ఓడల్లో తీసుకువెళ్లారు. డిసెంబరు 3 ఆదివారం వచ్చింది. అది క్రీస్తు ఆగమన కాలపు మొదటి ఆదివారం. ప్రభువు రాకడ కోసం కనిపెట్టడాన్ని గురించి లోకమంతటా ప్రసంగాలు జరిగిన ఆ రోజున ఆ తీరంలోని దేవాలయాల్లో స్త్రీలు కనిపెట్టింది మాత్రం పడవల కోసం. డిసెంబరు 7న వేలాది మంది నడిచి వెళ్లి కుళిత్తురై రైల్వే స్టేషనులో పట్టాల మీద కూర్చున్నారు. వారిలో స్త్రీలు, పిల్లలు, తెల్లని అంగీలు వేసుకున్న గురువులు కూడా ఉన్నారు. వారు అడిగిన వాటిలో మొదటిది డబ్బు కాదు, వెతుకులాట ఆపవద్దని.

అక్కడివారు కథోలికులు. 1540లలో ఫ్రాన్సిస్ జేవియర్ ఆ బెస్తపల్లెల్లో తిరిగిన నాటి నుంచీ ఆ తీరం ఆ సంఘానిది. వారి ఆరాధనకూ మన ఆరాధనకూ తేడాలున్నాయి, వాటిని దాచనక్కర్లేదు. కానీ రైలు పట్టాల మీద కూర్చున్న ఆ ఫాదర్లను తలచుకున్నప్పుడల్లా, మన సంఘంలో ఇలాంటి కష్టం వస్తే మనం ఎక్కడ కూర్చుంటామా అనిపిస్తుంది. మైకు ముందా? సిద్ధాంతం సరిగ్గా ఉన్నవారం కదా, ఆ ఇంటి గడపలో కూర్చోవడం కూడా మనకు సరిగ్గా వచ్చి ఉండాలి.

ఇక్కడ యోనా గ్రంథం మొదటి అధ్యాయం గుర్తు చేస్తాను. ఆ కథలో మనం సాధారణంగా యోనాను చూస్తాం, చేపను చూస్తాం. ఓడవారిని చూడం. వారు దేవుణ్ని ఎరగని అన్యులు. దేవుణ్ని ఎరిగిన ఒక్క మనిషీ ఓడ అడుగున గాఢనిద్రలో ఉన్నాడు. అతన్ని లేపి ప్రార్థన చేసుకోమని చెప్పింది కూడా ఆ అన్యుడైన నావికుడే. చీట్లు వేశారు, యోనా పేరు వచ్చింది. యోనా తానే ఒప్పుకున్నాడు. ఈ తుపాను నా వల్లే, నన్ను ఎత్తి సముద్రంలో పడవేయండి, సముద్రం నిమ్మళిస్తుందని చెప్పాడు. ఇంతకంటే స్పష్టంగా దేవుని చిత్తం ఎవరికి తెలుస్తుంది? ప్రవక్తే చెప్పాడు, చీటీ చెప్పింది, గాలి చెప్పింది. అప్పుడు వారేం చేశారు? పదమూడో వచనం చూడండి. వారు ఆ మనిషిని పడవేయలేదు. ఓడను ఒడ్డుకు చేర్చాలని ఒళ్లు విరుచుకుని తెడ్లు వేశారు.

ముక్కూ మొహం తెలియని ఒక ప్రయాణికుడి కోసం, అదీ తమ కష్టానికి కారణమైనవాడి కోసం వారు పడిన శ్రమ అది. ఆ ప్రయత్నం ఫలించలేదు. సముద్రం ఇంకా పొంగింది, చివరికి అతన్ని నీటిలో వేయవలసి వచ్చింది. వేసే ముందు కూడా, ఈ మనిషి ప్రాణం మా మీదికి రానీయవద్దని దేవునికి మొరపెట్టుకున్నారు. ఓడిపోయిన ఆ తెడ్లపాటును లేఖనం వృథా అని ఎక్కడా అనలేదు. అది దేవుని చిత్తానికి ఎదురు తిరగడమని కూడా అనలేదు. దావీదు విషయమూ అంతే. బిడ్డ చనిపోతాడని నాతాను ప్రవక్త ముందే చెప్పినా, ఊపిరి ఉన్నంతసేపూ దావీదు నేల మీద పడి ఉపవాసంతో వేడుకున్నాడు. చనిపోయాడని తెలిశాకే లేచి స్నానం చేశాడు. దేవుని చిత్తానికి తల వంచడానికి ఒక వేళ ఉంది. తెడ్లు వేయగల చేతులున్నంతవరకు ఆ వేళ రాలేదని అర్థం.

'దేవుని చిత్తం' అనే మాట ఆ ఇంటివారు తమంతట తాము చెప్పుకుంటే అది సాక్ష్యం. గాలింపు ఆపాలనుకునే అధికారి చెబితే అది సాకు. మూడో ఇంటికి కూడా వెళ్లాలన్న తొందరలో ఉన్న సంఘపెద్ద చెబితే ఏమనాలో పాఠకులే ఆలోచించుకోవాలి. దీనికి సరిగ్గా అవతలి వైపున మరో ప్రమాదం ఉంది. ఆచూకీ తెలియని ఇంటిని వెతుక్కుంటూ దర్శనాలు చెప్పేవారు వస్తారు. నీ భర్త ఒక దీవిలో ఉన్నాడు, ఫలానా నెలలో వస్తాడు, నలభై రోజులు ఉపవాసముండు, కానుక కట్టు అంటారు. ఒక స్త్రీ ఆశను ఏళ్ల తరబడి ఇలా తాకట్టు పెట్టించడం కంటే క్రూరమైనది మరొకటి ఉండదు. సంఘ కాపరి ఆ గుమ్మం దగ్గర నిలబడి అలాంటివారిని వెనక్కి పంపాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం కూడా కాపరి పనే.

మళ్లీ ఓఖి దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు నేర్చుకోవలసింది అక్కడే ఉంది. ఆ తుపాను రోజున సముద్రం మీద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ప్రభుత్వం ఒక సంఖ్య చెప్పింది, మేత్రాసనం మరొకటి చెప్పింది, జాలరి సంఘాలు ఇంకొకటి చెప్పాయి. రోజులు గడిచేకొద్దీ అన్నీ మారాయి. చివరికి మృతులు, గల్లంతైనవారు కలిపి 300 మందికి మించారు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నది ఎవరు? ఆ విచారణల గురువులు, ఊరి యువకులు. ఏ పడవ, ఎవరెవరు ఎక్కారు, ఎప్పుడు వెళ్లారు, ఏ దిక్కుకు వెళ్లారు అన్న జాబితాలు చర్చి వరండాల్లో తయారయ్యాయి. దూరంగా కోళికోడ్ వైపు కొట్టుకువచ్చిన దేహాలను డీఎన్ఏ పరీక్షతో గుర్తించవలసి వచ్చినప్పుడు కూడా ఆ పేర్ల జాబితాయే ఆధారమైంది. పేరు రాయని మనిషి దేహానికి సరిచూడటానికి ఎవరి రక్తం తీసుకుంటారు?

తప్పిపోయిన గొర్రె ఉపమానం మనకు కంఠతా వచ్చు. లూకా 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన కాపరి దొరికేదాకా వెతికాడు. ఈ 'దొరికేదాకా' మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ వెతకడానికి ముందు అతను ఇంకొక పని చేశాడు, దాన్ని మాత్రం దాటిపోతాం. లెక్కపెట్టాడు. లెక్కపెట్టకపోతే నూటిలో తొంభై తొమ్మిదే ఉన్నాయని ఎలా తెలుస్తుంది? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలోనూ ఇదే చూస్తాం. పౌలు ఎక్కిన ఓడ పద్నాలుగు రోజులు తుపానులో కొట్టుకుపోయింది. సైనికులు, నావికులు, ఖైదీలు అందరూ కలిసి భోజనం చేసిన ఆ తెల్లవారుజామున లూకా ఒక సంఖ్య రాశాడు, 276 మంది అని. అందులో ఖైదీలూ ఉన్నారు. కొద్దిసేపటికే ఆ ఖైదీలను చంపేద్దామని సైనికులు ఆలోచన చేశారు, శతాధిపతి అడ్డుపడ్డాడు. రోమా అధికారం దృష్టిలో విలువ లేనివారిని కూడా కలిపి 276 అని రాశాడు లూకా. అందుకే అందరూ ఒడ్డు చేరారని ఆ అధ్యాయం చివర ధైర్యంగా చెప్పగలిగాడు.

మన తీరానికి ఇది కొత్త కథ కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా కోనసీమ మీద విరుచుకుపడిన తుపానును ఆ జిల్లావారు ఎలా మరచిపోతారు? ఒడ్డున కూలిన కొబ్బరి తోటల ఫొటోలు అందరూ చూశారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల నుంచి వేటకు వెళ్లి తిరిగిరాని వారి ఫొటోలు మాత్రం వారి ఇళ్ల గోడల మీదే ఉండిపోయాయి. అప్పుడు కూడా ఎవరు వెళ్లారు, ఎందరు వెళ్లారు అన్న దగ్గరే లెక్క తప్పింది. ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలసపోయి పరాయి పడవల్లో కలాసీలుగా ఎక్కేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కిన ఆంధ్ర జాలరులు 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. వారు ఉన్నారని, ఎక్కడున్నారో తెలిసింది కాబట్టి అడగగలిగాం. పేరే తెలియనివాడి గురించి ఎవరు ఎవరిని అడగాలి?

ఇప్పుడు కొన్ని సాధనాలు వచ్చాయి, సంతోషమే. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ గాలినీ, నీటి వాలునూ లెక్కించి, తప్పిపోయిన పడవ ఏ వైపు కొట్టుకుపోయి ఉంటుందో అంచనా కట్టే 'సారట్' అనే సాధనాన్ని 2016లో తెచ్చింది. ఓఖి తర్వాత, 2019లో, ఉపగ్రహం ద్వారా లోసముద్రంలో ఉన్న పడవకు హెచ్చరికలు అందించే 'జెమిని' వచ్చింది. ఆపదలో ఉన్నానని పడవ నుంచి కబురు పంపితే, అందిందని తిరిగి జవాబు వచ్చే కొత్త రకం పరికరాన్ని ఇస్రో 2024లో చూపించింది. లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం అదే ఏడాది ఆగస్టులో మొదలైంది. అయితే ఒక సంగతి గమనించాలి. కొట్టుకుపోయిన దారిని లెక్కకట్టే ఆ సాధనం మొదట అడిగేదేమిటి? చివరిసారి ఎప్పుడు కనిపించారు, ఎక్కడ కనిపించారు అని. ఆ జవాబు ఉపగ్రహం దగ్గర లేదు. పక్క పడవవాడి దగ్గరో, ఇంట్లో ఆవిడ దగ్గరో, టీ కొట్టు దగ్గరో ఉంటుంది. జవాబు ఆలస్యమైన ప్రతి గంటకూ వెతకవలసిన నీరు పెరిగిపోతుంది.

అందుకే తీరప్రాంత సంఘాలకు నా మనవి ఒకటే. ప్రార్థన మందిరంలో ఒక పుస్తకం పెట్టండి. పడవ నంబరు, సరంగు పేరు, ఎక్కినవారి పేర్లు, వెళ్లిన రోజు, ఏ వైపు వేట, ఎన్నాళ్లకు సరిపడా ఐసు, నీళ్లు, ఆయిలు, ఎప్పటికి రావాలి. ఇంతే. ఇది మత్స్యశాఖవారి పని కదా అంటారేమో. అవును, వారి పనే, వారిని అడగాలి కూడా. కానీ వారి కార్యాలయం మండలంలో ఉంటుంది, మందిరం ఊళ్లో ఉంటుంది. ఆ పుస్తకంలో విశ్వాసుల పేర్లే రాస్తే మాత్రం అది పుస్తకం కాదు. మన తీరంలో వేటకు వెళ్లేవారిలో అత్యధికులు హిందువులు. గంగమ్మకు మొక్కి తెప్ప దింపేవాడి పేరు కూడా అందులో ఉండాలి, ఆ తెప్ప రాకపోతే అతని కోసమూ మన యువకులు పడవ ఎక్కాలి. యోనా ఓడలోని అన్యులు మనవాడి కోసం తెడ్లు వేశారు, ఆ బాకీ ఇంకా తీరలేదు. 2018 ఆగస్టు వరదల్లో కేరళ లోతట్టు ఊళ్లలో చిక్కుకున్నవారిని తమ పడవలు లారీల మీద వేసుకెళ్లి కాపాడింది ఈ జాలరులే. ఓఖిలో తమవారిని పోగొట్టుకుని తొమ్మిది నెలలు కూడా కాలేదు. ఎవరి కులం, ఎవరి మతం అని ఎవరినీ అడగలేదు.

ఇక వెతుకులాట నిజంగా ఆగిపోయిన తర్వాతి సంగతి. ఇక్కడే సంఘాలు ఎక్కువగా విఫలమవుతున్నాయి. ఏడేళ్లపాటు ఎవరికీ కబురు తెలియని మనిషిని మరణించినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ ఏడేళ్ల నియమం అలాగే ఉంది. సునామీ, ఓఖి లాంటి పెద్ద విపత్తులు వచ్చినప్పుడు ప్రభుత్వాలు ప్రత్యేక ఉత్తర్వులిచ్చి, విచారణ జరిపి, ఏడేళ్లు ఆగకుండానే కుటుంబాలను ఆదుకున్నాయి. మంచిదే. కానీ తుపాను పేరేమీ లేని ఒక మామూలు రాత్రి, ఇద్దరు ముగ్గురు ఎక్కిన ఒక చిన్న పడవ తిరిగిరాకపోతే? దానికి పత్రికలో నాలుగు లైన్లు వస్తాయి, ప్రత్యేక ఉత్తర్వులు రావు. బీమాకు మరణ ధ్రువపత్రం కావాలి, పింఛనుకు కావాలి, పడవ మీది అప్పు సంగతి తేలడానికీ కావాలి. ఆ స్త్రీ పెళ్లయినదీ, ఒంటరిదీ, విధవరాలూ కాని ఒక గడిలో ఇరుక్కుపోతుంది.

మన సంఘాల్లోనూ ఆమెకు గడి లేదు. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో విధవరాండ్ర జాబితా గురించి పౌలు జాగ్రత్తలు చెప్పాడు. ఆ మాటను పట్టుకుని, క్రిస్మస్ చీరలు పంచేటప్పుడు 'ఈమె భర్త చనిపోయినట్టు ఖాయం కాలేదు కదా' అని పేరు పక్కన పెట్టే పెద్దలుంటే, పౌలు ఆ అధ్యాయం ఎందుకు రాశాడో వారికి తెలియదనే అనాలి. దిక్కులేనివారిని దిక్కులేకుండా వదలవద్దనే కదా ఆ జాబితా! బొట్టు, గాజుల గురించి ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలు, పిల్లలు నాన్న గురించి అడిగే ప్రశ్నలు ఆమెకు చాలు. మనం కూడా ప్రశ్నలు వేయనక్కర్లేదు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదైందో లేదో చూడటం, ఆ కాగితం నకలు జాగ్రత్త చేయడం, తహసీల్దారు కార్యాలయానికి ఆమె వెంట వెళ్లడం, చదువుకున్న సంఘస్థులు అర్జీ రాసిపెట్టడం, ఏడేళ్లు గడిచాక కోర్టు పనికి ఒక న్యాయవాదిని చూపించడం, ఇవన్నీ పరిచర్యలే. వీటికి వేదిక ఉండదు, ఫ్లెక్సీ ఉండదు.

ఆదివారం ఆరాధనలో రోగుల పేర్లు చదివి ప్రార్థిస్తాం, ప్రయాణాల్లో ఉన్నవారి పేర్లు చదువుతాం. తిరిగిరాని వారి పేర్లు మాత్రం రెండు వారాల తర్వాత ఎవరూ చెప్పకుండానే జాబితాలోంచి జారిపోతాయి. ఆ ఇంటి ఆవిడ నాలుగో వరుసలో కూర్చుని ఆ రోజు పేరు రాలేదని గమనిస్తుంది, ఎవరితోనూ అనదు. ఆ పేరు చదువుతూనే ఉండండి. దాన్ని ఎప్పుడు తీయాలో, జ్ఞాపకార్థ కూడిక పెట్టాలో వద్దో ఆ ఇంటివారు చెబుతారు. అప్పటిదాకా పెద్దలెవరూ ఆ కాగితం మీద గీత పెట్టవద్దు.